మొహం మీద మొటిమలు, చేతిలో కొలాజెన్ సాచెట్
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



నేను డాక్టర్ని కాదు. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, ఇక్కడ సెలంగోర్‌లో సైట్ సూపర్‌వైజర్‌గా పని చేస్తున్నాను. కాంక్రీటు గురించో, సేఫ్టీ బెల్టు గురించో మాట్లాడమంటే ధైర్యంగా మాట్లాడతాను. కానీ ఈ ఏడు కమిటీ వాళ్ళు "నీకు అనుభవమైనది ఏదైనా చెప్పు" అన్నారు. నాకు అనుభవమైనది చెప్పాలంటే కొంచెం సిగ్గుపడే సంగతే చెప్పాలి. అది మొటిమల గురించి, కొలాజెన్ పొడి గురించి. నవ్వండి, పరవాలేదు. చివరికి ఎవరూ నవ్వరని నాకు తెలుసు.

రెండేళ్ళ కిందట మా సైట్‌లో పరిచయమైన ఒక స్థానికురాలు కొలాజెన్ సాచెట్లు అమ్మేది. ఆమె కింద నేనూ చేరాను. నా పేరు మీద కాదు, ఆమె పేరు మీదే. పది డబ్బాలు అమ్మితే ఒక డబ్బా నాకు ఉచితం, పైన కొంత కమీషను. మన పాస్ మీద రాసిన పని తప్ప వేరే వ్యాపారం చేయకూడదని నాకు తెలుసు. తెలిసీ చేశాను. అది మొదటి తప్పు.

రెండో తప్పు ఇంకా పెద్దది. నేను ఎవరికి అమ్మాను? నా కింద పని చేసే కుర్రాళ్ళకి. ఓవర్‌టైమ్ ఎవరికి వేయాలో, ఎవరిని ఏ ఫ్లోర్‌కి పంపాలో నిర్ణయించేది నేను. అలాంటి నేను సాచెట్ చేతిలో పెడితే, వద్దనే దమ్ము వాళ్ళకి ఉంటుందా? అప్పుడు నాకది తట్టలేదు. "నేను వాళ్ళకి మేలు చేస్తున్నాను" అనుకున్నాను.

జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక తమ్ముడు ఉండేవాడు. ఇరవై మూడేళ్ళు. ఇంటి దగ్గర సంబంధాలు చూస్తున్నారు, ఫోటో పంపమంటున్నారు. వాడి మొహం నిండా మొటిమలు. నేను చెప్పాను, "తమ్ముడూ, రోజుకో సాచెట్, మూడు నెలలు. మొహం అద్దంలా అవుతుంది." వాడు మూడు నెలలు కొన్నాడు. మూడో నెల చివర చూస్తే మొహం మునుపటి కంటే ఎర్రగా, చిన్న చిన్న పొక్కులతో నిండిపోయింది. ఎండలోకి వెళితే మంట. హెల్మెట్ తీయడానికే సిగ్గుపడేవాడు. ఒకరోజు టూల్‌బాక్స్ మీటింగ్ అయ్యాక పక్కకి వచ్చి అన్నాడు: "అన్నా, నీ మాట మీద కొన్న. ఇప్పుడు ఈ మొఖం పెట్టుకొని ఇంటికెట్ల పోవాలె?"

ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. మర్నాడు సెలవు పెట్టించి, కంపెనీ ప్యానెల్ క్లినిక్‌కి నేనే తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ ఓపికగా అరగంట చెప్పింది. తర్వాత నేను కూడా చదువుకున్నాను, ఫార్మసీల్లో అడిగాను. అలా తెలుసుకున్నదే మీకు చెబుతున్నాను.

ముందు కొలాజెన్ అంటే ఏంటి? మన చర్మం, ఎముక, కీళ్ళు, నరాల్ని పట్టి ఉంచే ప్రోటీను అది. సైట్ భాషలో చెప్పాలంటే చర్మానికి స్టీలు కడ్డీల్లాంటిది. వయసు పెరిగే కొద్దీ, ఎండ తగిలే కొద్దీ, సిగరెట్టు కాల్చే కొద్దీ తగ్గుతుంది. కొలాజెన్ అనే మాట గ్రీకులో జిగురు అనే మాట నుంచి వచ్చింది. పాతకాలం వడ్రంగులు తోళ్ళు, ఎముకలు ఉడకబెట్టి తీసిన జిగురు వాడేవారు కదా, అదే ఇది. మనం పాయా వండితే చల్లారాక గడ్డకట్టి వణుకుతుంది చూడండి, అదీ ఇదే. సాచెట్‌లో ఉండేది దాన్నే ఇంకా చిన్న ముక్కలు చేసి పొడి చేసినది.

మరి తాగితే నేరుగా మొహానికి వెళుతుందా? వెళ్ళదు. కడుపులో అరిగి చిన్న ముక్కలవుతుంది. స్టీలు లారీ గేటు లోపలికి వస్తే కాలమ్ దానంతట అది లేవదు కదా. యార్డులో దింపుతారు, కోస్తారు, ఎక్కడ అవసరమో అక్కడికి ఇంజనీరు పంపిస్తాడు. శరీరం కూడా అంతే. ఆ ముక్కల్ని ఎక్కడ వాడాలో అదే చూసుకుంటుంది, డబ్బా మీద బొమ్మ చూసి కాదు.

అబద్ధం చెప్పకూడదు. కొలాజెన్ తాగితే చర్మంలో తేమ, సాగే గుణం కొంచెం పెరిగినట్టు కొన్ని చిన్న పరీక్షల్లో కనిపించింది. వాటిలో చాలావాటికి డబ్బు పెట్టింది అమ్మే కంపెనీలే. ఒక కంపెనీ తన కొలాజెన్ చర్మం సాగే గుణాన్ని కాపాడుతుందని ప్రచారం చేసుకోవడానికి అనుమతి అడిగితే, 2013లో యూరప్ ఆహార భద్రతా సంస్థ ఆ సంబంధం రుజువు కాలేదని చెప్పింది. అది ముడతల సంగతి. మొటిమలు తగ్గుతాయి అనడానికి మాత్రం గట్టి ఆధారం లేదు. ముడతల మందు అని చెప్పుకునేదాన్ని నేను మొటిమల మందుగా అమ్మాను.

ఇంకో లెక్క. మామూలు సాచెట్‌లో 5 గ్రాముల కొలాజెన్ ఉంటుంది. ఒక కోడిగుడ్డులో దాదాపు 6 గ్రాముల ప్రోటీను ఉంటుంది. పైగా కొలాజెన్‌లో ట్రిప్టోఫాన్ అనే ముఖ్యమైన భాగం ఉండదు కాబట్టి అది నిండైన ప్రోటీను కూడా కాదు. నేను అమ్మిన డబ్బా 130 రింగ్గిట్లు, 15 సాచెట్లు. నెలకి రెండు డబ్బాలు, 260 రింగ్గిట్లు. 2025 ఫిబ్రవరి 1 నుంచి ఐదుగురు, అంతకు మించి పనివాళ్ళున్న చోట కనీస వేతనం నెలకి 1,700 రింగ్గిట్లు అయింది. నెలకి 26 రోజులు లెక్కేస్తే రోజుకి 65 రింగ్గిట్లు. అంటే నెలలో నాలుగు రోజులు ఎండలో మీరు చేసిన పని మొత్తం ఆ సాచెట్లకే. ఇంటికి పంపే డబ్బులోంచి తీసినట్టే.

ఇక మొటిమల సంగతి. చర్మం కింద నూనె గ్రంథులు ఉంటాయి. యవ్వనంలో హార్మోన్ల వల్ల నూనె ఎక్కువ వస్తుంది. ఆ నూనె, చచ్చిన చర్మం కలిసి రంధ్రాన్ని మూసేస్తాయి. లోపల క్రిములు పెరిగి వాచిపోతుంది. ఇది మురికి వల్ల వచ్చే రోగం కాదు. కాబట్టి మొటిమలున్నవాణ్ణి చూసి "స్నానం చేయడు" అని వెక్కిరించకండి.

కానీ ఈ దేశం వాతావరణం దాన్ని పెంచుతుంది. ఏడాదంతా ఉక్క, గాలిలో ఎప్పుడూ తడే. చెమట ఆరదు. రెండో ప్రపంచ యుద్ధంలో వేడి దేశాలకి వచ్చిన సైనికులకి వీపు నిండా పెద్ద పెద్ద మొటిమలు వచ్చాయి. దానికి డాక్టర్లు ఉష్ణమండలపు మొటిమలు అని పేరు కూడా పెట్టారు. మనకి దానికి తోడు హెల్మెట్ పట్టీ గడ్డం కింద ఒరుస్తుంది, సేఫ్టీ బెల్టు భుజాల మీద ఒరుస్తుంది. ఒరిపిడి, చెమట, ఒత్తిడి కలిసిన చోట వరసగా మొటిమలు వస్తాయి. షట్టరింగ్ ఆయిల్, గ్రీజు అంటిన బట్ట తొడ మీద, ముంజేతి మీద రుద్దుకుంటే అక్కడ నల్లటి గింజల్లాంటివి వస్తాయి. అది నూనె వల్ల వచ్చేది. ఎన్ని సాచెట్లు తాగినా పోదు, బట్ట మార్చాలి.

ఇంకో మూడు మొటిమల్లా కనిపిస్తాయి గానీ మొటిమలు కావు. ఒకటి చెమటకాయలు: గుచ్చుకున్నట్టు ఉంటాయి, చల్లటి చోట ఉంటే తగ్గుతాయి. రెండోది ఒక రకం ఫంగస్: ఛాతీ మీద, వీపు మీద, నుదుటి మీద అన్నీ ఒకే సైజులో చిన్న పొక్కులు, బాగా దురద. దీనికి మొటిమల యాంటీబయాటిక్ వేసుకుంటే తగ్గదు సరికదా పెరగొచ్చు. మూడోది సిమెంటు వల్ల వచ్చే ఎలర్జీ. మూడింటికీ మందు వేరు. అందుకే ముందు చూపించుకోవాలి, తర్వాతే కొనాలి.

మరి ఆ తమ్ముడికి మొహం ఎందుకు అలా అయింది? సాచెట్ వల్లే అని నేను వణికిపోయాను. డాక్టరమ్మ రెండు విషయాలు చెప్పింది.

ఒకటి, కొలాజెన్ వల్లే మొటిమలు వస్తాయని చెప్పలేం. కానీ డబ్బాలో కొలాజెన్ ఒక్కటే ఉండదు. రుచి కోసం చక్కెర, కొన్నిట్లో పాల పొడి, వే ప్రోటీను, ఇంకొన్నిట్లో బీ12 విటమిను, సముద్రపు నాచు. ఇవి కొంతమందికి మొటిమల్ని పెంచుతాయి. జిమ్ పొడి మొదలెట్టాక వీపు మీద మొటిమలు వచ్చిన కుర్రాళ్ళు మన మధ్యే ఉన్నారు. చేపలు పడనివాళ్ళకి చేప కొలాజెన్ ఎలర్జీ తెస్తుంది. బయోటిన్ ఎక్కువ మోతాదులో ఉంటే కొన్ని రక్తపరీక్షల ఫలితాలు తప్పుగా రావచ్చు. థైరాయిడ్, గుండె పరీక్షలు కూడా అందులో ఉన్నాయి. ఏ పరీక్షకి వెళ్ళినా ఏమేం తింటున్నారో ముందే చెప్పండి.

రెండోది అసలు సంగతి. డాక్టరమ్మ వాణ్ణి నెమ్మదిగా అడిగింది, "ఇంకేమైనా రాస్తున్నావా?" వాడు జేబులోంచి ఒక ట్యూబు తీశాడు. ఊరి నుంచి వచ్చేటప్పుడు మెడికల్ షాపులో ఇచ్చినదట. గజ్జికి, తామరకి, మొటిమలకి, తెల్లబడటానికి అన్నిటికీ ఒకటే. దాని మీద చిన్న అక్షరాల్లో స్టెరాయిడ్ పేరు ఉంది. నేను సాచెట్ మొదలెట్టించిన వారంలోనే వాడు అదీ మొదలెట్టాడు. మొదటి పది రోజులు ఎరుపు తగ్గింది. ఆ తగ్గుదల నా సాచెట్ వల్లే అని నేను అందరికీ చెప్పుకున్నాను. వాడి ఫోటో చూపించి ఇంకో నాలుగు డబ్బాలు అమ్మాను.

స్టెరాయిడ్ క్రీమ్ డాక్టరు చెప్పిన రోగానికి, చెప్పినన్ని రోజులు రాస్తే మంచి మందే. మొహం మీద నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది, సన్న రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి, ఒకే సైజు పొక్కులు లేస్తాయి. మానేస్తే మంట. మంటకి భయపడి మళ్ళీ రాస్తాం. తామర మీద రాస్తే తామర లోలోపల పాకుతుంది. మన దేశంలో ఈ బాధ ఎంత పెరిగిందంటే, చర్మం పై పూతకి వాడే 14 స్టెరాయిడ్లని 2018లో డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలనే షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చారు. అయినా ఊళ్ళో అడిగితే ఇచ్చేవాళ్ళు ఇస్తూనే ఉన్నారు. పేర్లు గుర్తుపెట్టుకోండి: బీటామెథాసోన్, క్లోబెటాసాల్, మొమెటాసోన్. ఈ పేరు మీ ట్యూబు మీద ఉండి, మొహానికి వాడుతుంటే, డాక్టరుకి ఆ ట్యూబు తీసుకెళ్ళి చూపించండి. చాలా నెలలుగా రాస్తుంటే ఎలా మానాలో కూడా ఆయనే చెప్పాలి.

తెల్లబడే క్రీములు ఇంకో గొడవ. పేరూ ఊరూ లేని కొన్నిట్లో పాదరసం ఉంటుంది. అది చర్మం నుంచి లోపలికి వెళ్ళి కిడ్నీల్ని పాడుచేస్తుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో కిడ్నీ జబ్బుతో వచ్చినవాళ్ళని డాక్టర్లు ఆరా తీస్తే, చాలామంది ఇలాంటి క్రీములు వాడినవాళ్ళే అని తేలింది. ఎండలో పని చేసి నల్లబడ్డాం, అందులో తప్పేముంది? కిడ్నీ పోతే ఏ తెలుపు తెస్తుంది?

ఇప్పుడు పనికొచ్చే మాటలు. ఈ దేశంలో ఏదైనా మందో, సప్లిమెంటో కొనే ముందు డబ్బా తిప్పి చూడండి. ఇక్కడి ఆరోగ్య శాఖ కింద ఎన్‌పీఆర్‌ఏ అనే సంస్థ ఉంది. అది నమోదు చేసిన వాటి మీద 'ఎంఏఎల్' అని, తర్వాత 8 అంకెలు, చివర ఒక అక్షరం ఉంటాయి. చివర 'ఎన్' ఉంటే హెల్త్ సప్లిమెంటు, 'టీ' ఉంటే సంప్రదాయ మందు, 'ఎక్స్' ఉంటే చీటీ లేకుండా దొరికే మందు, 'ఏ' ఉంటే డాక్టరో ఫార్మసిస్టో ఇవ్వాల్సినది. క్రీముల్లాంటి వాటికి 'ఎన్ఓటీ'తో మొదలయ్యే నంబరు ఉంటుంది. ఈ నంబరుని ఎన్‌పీఆర్‌ఏ వెబ్‌సైట్‌లో మీ ఫోన్‌లోనే కొట్టి చూడొచ్చు. నంబరు ఒకటి, వచ్చే పేరు ఇంకొకటి అయితే అది దొంగ సరుకు.

కొలాజెన్ డ్రింకులు చాలావరకు ఆహారం కింద అమ్ముతారు, వాటి మీద ఎంఏఎల్ నంబరు ఉండకపోవచ్చు. అది తప్పు కాదు. కానీ ఆహారం కింద అమ్మే వస్తువు రోగం నయం చేస్తుందని చెప్పుకోకూడదు. "మొటిమలు పోతాయి, షుగరు తగ్గుతుంది, మోకాళ్ళ నొప్పి మాయం" అని ఒకే డబ్బా మీద ఉంటే అక్కడే ఆగిపోండి. సన్నబడే డ్రింకుల్లో సిబుట్రమిన్ అనే నిషేధించిన మందు, నొప్పుల పొడుల్లో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ కలిపిన సరుకు ఇక్కడ పట్టుబడింది. రాత్రి సంత పసార్ మాలమ్‌లో, ఫోన్ లైవ్‌లో దొరికేవి ఇంకా జాగ్రత్తగా చూడాలి.

మలయ్ మాటలు నాలుగు నేర్చుకోండి. డబ్బా మీద 'ఇకాన్' అంటే చేప, 'లెంబు' అంటే ఆవు, 'సుసు' అంటే పాలు, 'గులా' అంటే చక్కెర. హలాల్ గుర్తు ఉంటే పంది లేదని అర్థం. అంతే కానీ ఆవు లేదని కాదు. మనలో గొడ్డు మాంసం ముట్టని వాళ్ళు చాలామంది తెలియకుండానే ఆవు కొలాజెన్ తాగుతున్నారు. తినేవాళ్ళ ఇష్టం తినేవాళ్ళది, కానీ తెలిసి తినాలి కదా. క్లినిక్‌లో చెప్పడానికి 'జెరావత్' అంటే మొటిమలు, 'గాతల్' అంటే దురద, 'అలాహన్' అంటే ఎలర్జీ.

ఇక రోజూ చేసేవి. పొద్దున, పని దిగాక, రెండుసార్లు మెత్తటి సబ్బుతో మొహం కడగండి. బట్టల పొడితో, గిన్నెల లిక్విడ్‌తో సిమెంటు రుద్దకండి. హెల్మెట్ లోపలి పట్టీ వారానికి రెండుసార్లు ఉతకండి, ఇంకొకడి హెల్మెట్ పెట్టుకోకండి. తడిసిన బనీను మధ్యాహ్నం అన్నం వేళకి మార్చండి. కొబ్బరి నూనె తలకి సరే, మొటిమలున్న మొహానికి వద్దు. దిండు గలీబు, తువ్వాలు ఎవరిది వాళ్ళదే. గిల్లకండి, మచ్చ మిగులుతుంది. తే తారిక్‌లో, సీసా డ్రింకుల్లో చక్కెర తగ్గించండి, నీళ్ళు తాగండి.

మందు కావాలంటే ఫార్మసీలో ఫార్మసిస్టుని అడగండి. బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం లేదా 5 శాతం జెల్ మొటిమలకి పాతకాలం నుంచి పనిచేస్తున్న మందు. కొద్దిగా మొదలెట్టాలి, మొదట్లో చర్మం పొడిబారుతుంది, చొక్కాకి, దిండుకి అంటితే రంగు పోతుంది. ఏ మందైనా ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. వారంలో పోతుందన్నవాడిని నమ్మకండి. డాక్టరు డాక్సీసైక్లిన్ రాస్తే "నేను ఎండలో పని చేస్తాను" అని తప్పకుండా చెప్పండి, ఆ మాత్రతో ఎండకి చర్మం కాలుతుంది. ఐసోట్రెటినోయిన్ మాత్ర డాక్టరు చూపులోనే వాడాలి. గర్భంతో ఉన్న చెల్లెళ్ళు, గర్భం కోసం చూస్తున్నవాళ్ళు అది ముట్టకూడదు, బిడ్డకి ప్రమాదం.

ఇంకోటి. 1990 నాటి కార్మికుల నివాస చట్టం, అందరూ యాక్ట్ 446 అంటారు, 2020 జూన్ 1 నుంచి అన్ని రంగాలకీ వర్తిస్తోంది. కొంగ్సీలో ఉన్నా హాస్టల్‌లో ఉన్నా మంచం, పరుపు, స్నానానికి నీళ్ళు, గాలి వచ్చే గది అడగడం మన హక్కు. పదిమంది చెమట ఆరని గదిలో పడుకుంటే ఏ క్రీమూ పని చేయదు. చర్మం బాగుండాలంటే ముందు గది బాగుండాలి. ఒక్కడు అడిగితే వినరు, మన వేదిక ద్వారా కలిసి అడుగుదాం.

చివరిగా ఆ తమ్ముడి సంగతి. డాక్టరమ్మ ట్యూబు మాన్పించి, మందు రాసి, నాలుగు నెలలు తిప్పించింది. మొహం చాలావరకు తేరుకుంది. రెండు చెంపల మీద కొంచెం ఎరుపు ఉండిపోయింది. నేను వాడి 780 రింగ్గిట్లు తిరిగిచ్చాను. మిగతా పదకొండు మందికీ రెండు జీతాల్లో ఇచ్చేశాను, అమ్మకం మానేశాను. కొందరు తీసుకోవడానికి మొహమాటపడ్డారు, అప్పుడే నాకు అర్థమైంది, కొన్నప్పుడూ ఇదే మొహమాటం అని.

మనలో సూపర్‌వైజర్లు, ఫోర్‌మెన్లు, గ్రూపు లీడర్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. అన్నా అని పిలిచే నోటికి ఏదీ అమ్మకండి. అమ్మబోతే, తమ్ముళ్ళూ, మీరు మొహమాటపడకండి. డబ్బా తిప్పి నంబరు చూడండి. డబ్బు ఉంటే రెండు గుడ్లు ఎక్కువ తినండి, మిగిలింది ఇంటికి పంపండి.

ఆ తమ్ముడికి పోయిన మాఘంలో పెళ్ళి అయింది. ఫోటోలో ఎరుపు కనిపిస్తూనే ఉంది, వాడు మాత్రం హాయిగా నవ్వుతున్నాడు. నన్ను పిలిచాడు, సెలవు దొరక్క వెళ్ళలేకపోయాను. మీ అందరి ముందు వాడికి ఇంకోసారి క్షమాపణ చెప్పుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.